ఇంటి ముందు పొగడ: గొయ్యి నుంచి దండ దాకా

2013 అక్టోబర్ 12 రాత్రి, దుర్గాష్టమి నాడు, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్ల గాలి. తెల్లారి ఒడిశాలోని బరంపురంలో మా గుమ్మం దాటి వీధిలోకి వెళ్దామంటే దారి లేదు. మా తురాయి చెట్టు వేళ్లతో సహా లేచి ఎదురింటి ప్రహరీ మీద పడుంది. నిద్రగన్నేరు కొమ్మలు కరెంటు తీగల్లో వేలాడుతున్నాయి. వీధి చివర గుడి ముందున్న ముసలి పొగడ మాత్రం రెండు కొమ్మలు పోగొట్టుకుని, ఆకంతా రాల్చేసి, నిలబడే ఉంది. కొన్ని వారాలకు మళ్లీ చిగురు వేసింది కూడా.

తురాయి పోయిన చోట పొగడే వెయ్యాలని ఆ రోజే అనుకున్నాను. మొదట వేసింది చచ్చిపోయింది. 2015 వానల్లో వేసిన రెండోది బతికి, ఎనిమిదో ఏట పూసింది. ఆ రెండు మొక్కల దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఇసుక నేలల వాళ్లకీ, పర్లాకిమిడి, రాయగడ వైపు ఎర్రనేలల వాళ్లకీ కొన్ని పద్ధతులు మారతాయి. ఎక్కడ మారతాయో అక్కడ చెప్తాను.

ముందే ఒక మాట. పొగడ నిదానంగా పెరుగుతుంది. కలప గట్టిది, బరువైనది, అలాంటి చెట్టు పరుగు పెట్టదు. రెండేళ్లలో నీడ కావాలనుకుంటే వేరే చెట్టు చూసుకోండి, తప్పులేదు. వేసి, తొందరపడి, దాన్ని విసిగించకండి. నేను చూసినంతలో పొగడ మొక్కలు ఎక్కువగా పోయేది మన తొందర వల్లే.

చోటు

పెరిగాక ఇది యాభై అడుగుల దాకా పోగలదు, గొడుగులా గుబురుగా పరుచుకుంటుంది. అందుకని ఇంటి గోడకు కనీసం పదిహేను అడుగుల దూరం ఉంచండి. కరెంటు తీగ కింద వద్దు. ఇప్పుడు మొక్క చిన్నదే కదా అనిపిస్తుంది, పదేళ్ల తర్వాత లైన్‌మన్ వచ్చి నడినెత్తిన నరికి పోతాడు. సెప్టిక్ ట్యాంకు పక్కన వద్దు. కారు నిలిపే చోట కూడా వద్దు. పూలు రాలితే బాగానే ఉంటుంది కానీ పండ్లు రాలినప్పుడు కారు పైకప్పు చూస్తే ఏడుపొస్తుంది.

ఎండ బాగా తగలాలి. లేత మొక్కకు మధ్యాహ్నం కాస్త నీడ ఉన్నా పరవాలేదు. ఉప్పుగాలిని బాగానే తట్టుకుంటుంది కాబట్టి సముద్రం దగ్గర ఇళ్లకు ఇది మంచి ఎంపిక. నీళ్లు నిలిచే పల్లంలో మాత్రం లేత మొక్క బతకదు.

మొక్క కొనడం

ఇక్కడ నర్సరీల్లో ఒడియా పేరుతో బఉళ అని అడగండి, పొగడ అంటే కొందరికి అర్థం కాదు. పూరీలో సిద్ధబకుళ మఠంలో ఉన్నది కూడా ఈ చెట్టే. హరిదాస ఠాకూర్ దాని కింద కూర్చుని నామజపం చేసేవారని చెప్తారు కాబట్టి, ఆ మాట ఎత్తితే నర్సరీవాళ్లు వెంటనే పట్టేస్తారు. కడియం నర్సరీల నుంచి తెప్పించుకునేవాళ్లు పొగడ అంటే చాలు. అటవీ శాఖ నర్సరీల్లో దొరికితే చవక.

నరమామిడి మొక్కని పొగడ అని అంటగట్టే ప్రమాదం ఉంది. రెంటి ఆకు అంచులూ అలలు తిరిగి ఉంటాయి. ఒక ఆకు తొడిమ దగ్గర తుంచి చూడండి. పొగడ సపోటా కుటుంబంలోది, ఇప్ప కూడా దీని చుట్టమే, తుంచితే పాలు వస్తాయి. నరమామిడికి పాలు రావు.

ఇప్పుడు నా మొదటి మొక్క సంగతి. వీధిలోకి బండి మీద అమ్మకానికి వచ్చింది. ఏడడుగుల ఎత్తు, నిగనిగలాడే ఆకులు. ఎత్తు చూసి మురిసిపోయి, రెండేళ్లు కలిసొచ్చాయనుకుని కొన్నాను. ఆ వానల్లో బాగానే ఉంది. మొదటి ఎండాకాలం ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలాయి. ఎన్ని నీళ్లు పోసినా అంతే. వైశాఖంలో పట్టుకుని లాగితే ఒంటిచేత్తో వచ్చేసింది. వేళ్లు చూద్దును కదా, బిందె కింద పెట్టే చుట్టకుదురులా గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. ఒక్క వేరు కూడా బయటి మట్టిలోకి పోలేదు. చిన్న సంచిలో ఏళ్ల తరబడి ఉంచేసిన మొక్క అది. ఎత్తు చూసుకున్నాను గానీ వేరు చూసుకోలేదు.

కాబట్టి మూడు నుంచి నాలుగడుగుల మొక్క చాలు. సంచి కిందినుంచి లావాటి వేళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటే తీసుకోకండి. కాండం మొదట్లో మట్టి కాస్త తప్పించి చూడండి, అక్కడే వేరు మెలితిరిగి ఉంటే అది రేపు దాన్నే ఉరి బిగిస్తుంది. నడిమి చిగురు విరగకుండా ఉండాలి. ఆకు వెనక తెల్లటి పిండి ఉందేమో తిప్పి చూడండి. నర్సరీవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

గింజ నుంచి పెంచాలనుకుంటే చెట్టు కింద రాలిన నారింజరంగు పండ్లు ఏరుకుని, గుజ్జు కడిగేసి, ఒక రోజు నానబెట్టి, అంగుళం లోపు లోతులో పెట్టండి. ఎండిపోయి పాతబడిన గింజలు సరిగా మొలవవు. తాజావైనా అన్నీ ఒకేసారి రావు. ఒకటి మూడు వారాలకు వస్తే ఇంకొకటి రెండు నెలలకు వస్తుంది, అందుకని ట్రే పారేయకండి.

గొయ్యి

గొయ్యి ఎండల్లోనే తవ్వి పెట్టండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. ఎర్రనేలలో అడుగున్నర దిగేసరికి గట్టి మొరం తగులుతుంది. అక్కడ ఆగిపోకుండా గునపంతో పగలగొట్టి ఇంకో అడుగు దించండి. లేకపోతే మొక్క కుండీలో ఉన్నట్టే ఉంటుంది. పైమట్టి ఒకవైపు, కిందిమట్టి ఒకవైపు పోసుకోండి.

రెండు బిందెల నీళ్లు పోసి వదిలేయండి. మర్నాడు పొద్దునకి కూడా నీళ్లు నిలిచి ఉంటే ఆ చోట పొగడకు పనికిరాదు, లేదా అడుగు ఎత్తు మట్టి దిబ్బ చేసి దానిమీద నాటాలి. ఇసుక నేలలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది, పోసినవి పోసినట్టే ఇంకిపోతాయి. అక్కడ రెండు గమేళాల చెరువు మట్టి కలపాల్సిందే.

పైమట్టిలో పదికిలోల బాగా మాగిన గెత్తం (పశువుల పేడ ఎరువు), అరకిలో వేపపిండి కలపండి. పచ్చి పేడ వెయ్యకండి. లోపల వేడెక్కి లేత వేళ్లను కాల్చేస్తుంది, పైగా చెదలను పిలుస్తుంది. ఎర్రనేలల వాళ్లకు చెదల గురించి నేను చెప్పక్కర్లేదు.

నాటే రోజుకు రెండు మంచి వానలు పడి ఉండాలి. మా వైపు రథయాత్ర నాటికి నేల తడుస్తుంది, నేను అప్పుడే వేస్తాను. అప్పుడు నాటితే అక్టోబర్ గాలులు వచ్చేసరికి మూడు నెలల వేరు ఉంటుంది.

సాయంత్రం పూట నాటండి. సంచిని బ్లేడుతో చీరి తీసేయండి, సంచితో పాటు పాతిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మట్టి గడ్డ చుట్టూ తిరిగిన సన్నవేళ్లు కనిపిస్తే మూడు వైపులా నిలువుగా అరంగుళం లోతు గీత పెట్టండి. భయపడకండి, తెగిన చోట్నుంచే కొత్త వేళ్లు బయటికి వస్తాయి. సంచిలో మట్టి ఎంతవరకు ఉందో నేల కూడా అక్కడికే రావాలి. గాలికి పడిపోకుండా ఉంటుందని కాండాన్ని లోతుగా పూడిస్తే మొదలు కుళ్లిపోతుంది.

ఊతానికి సరుగుడు కర్రలు రెండు, మొక్కకు చెరోవైపు అడుగు దూరంలో పాతి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో వదులుగా కట్టండి. మొక్క కాస్త ఊగాలి. ఊగితేనే కాండం మొదలు లావెక్కుతుంది. తీగతో, నైలాన్ తాడుతో కట్టొద్దు. ఏడాది తిరిగేసరికి ఆ కర్రలు తీసెయ్యాలని ఇప్పుడే క్యాలెండర్ మీద రాసుకోండి. మున్సిపాలిటీ ఇనుప చట్రాలు కాండంలోకి కూరుకుపోయిన చెట్లు ఏ ఊరి రోడ్డు మీదైనా కనిపిస్తాయి.

మొదటి మూడేళ్లు

ఈ మూడేళ్లూ చెట్టు పైకి పెద్దగా కనిపించదు, కింద పని చేసుకుంటూ ఉంటుంది. మీరు చెయ్యాల్సింది నీళ్లు, కలుపు, కావలి.

కాండానికి అడుగు దూరంలో పాదు కట్టండి, ఏడాదికోసారి పాదును అడుగు వెనక్కి జరపండి. మొదటి ఎండాకాలం ఇసుక నేలకు రోజు విడిచి రోజు పదిహేను లీటర్లు, ఎర్రనేలకు నాలుగు రోజులకోసారి అంతే. రెండో ఏడు వారానికి ఒకసారి, మూడో ఏడు పది రోజులకోసారి, కానీ పోసినప్పుడు మూడు బిందెలు పొయ్యండి. రోజూ చెంబుడు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి, తుఫానులో మొదట పడేది అలాంటి చెట్టే. అనుమానంగా ఉంటే పాదులో వేలు రెండు కణుపుల లోతు దించండి. చెమ్మ తగిలితే ఆ రోజుకి నీళ్లు అక్కర్లేదు. సముద్రం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటే లేత మొక్కకు కుళాయి నీళ్లే పొయ్యండి.

ఎండలు ముదిరేలోపు పాదులో ఎండు ఆకులు, జీడి ఆకైనా సరే, మూడు అంగుళాల మందాన పరవండి. కాండానికి తగలనివ్వకండి, జానెడు ఖాళీ వదలండి. వరిగడ్డి కూడా వెయ్యొచ్చు కానీ చెదలు పట్టే చోట నేను వెయ్యను.

ఎరువుగా ఏటా వానలకు ముందు గొప్పు తవ్వి పదికిలోల గెత్తం, అరకిలో వేపపిండి. అంతకంటే ఏమీ వద్దు. మా బాబాయ్ వ్యవసాయం చేసిన మనిషి. వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"మూడేళ్లయింది, ఇంకా నీ భుజం దాటలేదేటి? గుప్పెడు యూరియా వెయ్యరాదా?"

"వద్దు బాబాయ్, దాని దారిన దాన్ని పెరగనీ."

నేను ఊళ్లో లేనప్పుడు వేసేశాడు. నిజంగానే నెలలో జానెడు చిగురు లేచింది. లేత ఆకుపచ్చగా, మెత్తగా, చూడ్డానికి ముచ్చటగా ఉంది. రెండో నెలకి ఆ చిగుళ్లన్నిటికీ పిండినల్లి. ఆ ఏడంతా వాటిని తుడవడంతోనే సరిపోయింది. బాబాయ్ మాత్రం ఇప్పటికీ చిగురు గురించే చెప్తాడు, పిండినల్లి గురించి చెప్పడు.

కొమ్మలు

మొదటి రెండేళ్లు కత్తెర ముట్టుకోకండి. కింది కొమ్మలు వికారంగా కనిపించినా, కాండం లావెక్కడానికి అవే తిండి పెడతాయి. ఒక్క పని మాత్రం చెయ్యాలి. నడిమి చిగురు రెండుగా చీలి సమానంగా పైకి పోతుంటే, బలంగా నిటారుగా ఉన్నదాన్ని ఉంచి రెండోదాన్ని తీసెయ్యండి. ఇప్పుడు గోటితో పోయేది పదేళ్లకు రంపం అడుగుతుంది. ఆ చీలిక దగ్గరే గాలివానకు చెట్టు నిలువునా పగులుతుంది.

మూడో ఏటి నుంచి కింది కొమ్మలు ఏడాదికి రెండు మూడు చొప్పున తీస్తూ రండి. చెట్టు ఎత్తులో కిందిది మూడో వంతు ఖాళీగా, పైది రెండు వంతులు ఆకుగా ఉండాలి, ఏ వయసులోనైనా ఇదే లెక్క. ఏడాదిలో పావు వంతు ఆకుకు మించి తీయకండి. వానల్లో కొయ్యకండి, పొడి రోజులు చూసుకోండి. కొమ్మ కాండంలో కలిసే చోట చిన్న ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బును వదిలి, దానికి ఆనుకుని కొయ్యాలి. కాండంతో సమానంగా చెక్కేస్తే పుండు మానదు, మొండి వదిలేస్తే కుళ్లు లోపలికి దిగుతుంది. లావు కొమ్మైతే ముందు కింది వైపు నుంచి కాస్త గాటు పెట్టి ఆ తర్వాత పైనుంచి కొయ్యండి, బెరడు చీరుకుపోకుండా ఉంటుంది. పాలు కారతాయి, కారనివ్వండి. తారు, రంగు పుయ్యక్కర్లేదు.

పురుగులు, మేకలు, మనుషులు

పొగడకు తెగుళ్లు తక్కువే. పిండినల్లి, పొలుసు పురుగు వస్తే ఆకుల మీద జిగురు, దాని మీద నల్ల మసి కనిపిస్తాయి. చీమలు బారులు కడతాయి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు వెనక తడిసేలా కొట్టండి. వారానికోసారి మూడు సార్లు. కాండం మీద రంపపు పొట్టు లాంటిది గూడు కట్టి కనిపిస్తే అది బెరడు తొలిచే పురుగు. ఆ గూడు తుడిచేసి, రంధ్రంలోకి సన్న తీగ దూర్చి పురుగును చంపి, కిరోసిన్‌లో ముంచిన దూది కొంచెం పెట్టి బంకమట్టితో మూసెయ్యండి.

మేకలకు వెదురు తడిక ఐదడుగుల ఎత్తున కట్టండి. ముళ్లకంప నాలుగు రోజులే ఆపుతుంది.

మనుషుల్ని ఆపడం కష్టం. ఆరో ఏట ఒక పొద్దున్న చూస్తే మోకాలి ఎత్తులో అరచేతి వెడల్పు బెరడు లేదు. లోపలి ఎర్రటి చెక్క బయటపడి, అంచుల్లో పాలు గడ్డకట్టి ఉన్నాయి. పొగడ బెరడు చిగుళ్లకు మంచిదని పాతకాలం నుంచి వాడుక, పళ్లపొడిలో వేస్తారు. ఎవరో రాత్రి వచ్చి చెక్కుకుపోయారు. కోపం వచ్చింది కానీ అదృష్టం, చుట్టూ తియ్యలేదు. ఆకు చేసిన తిండి వేళ్లకు దిగేది బెరడులోంచే. కాండం చుట్టూ గాజులా బెరడు తీసేస్తే ఎంత పెద్ద చెట్టైనా మెల్లగా చచ్చిపోతుంది. మీకూ ఇలా జరిగితే, వేలాడే బెరడు పీచుల్ని పదునైన కత్తితో శుభ్రంగా తీసేసి, గాయాన్ని గాలికి వదిలెయ్యండి. పేడ, సున్నం మెత్తకండి. మాదానికి రెండు వైపులా అంచులు పెదవుల్లా ఉబ్బి దగ్గరికి వచ్చాయి, ఇంకా వేలెడు సందు ఉంది. అప్పటి నుంచి కత్తిరించిన కొమ్మల్ని కట్టలు కట్టి గేటు దగ్గర పెడుతున్నాను, బెరడు కావలసిన వాళ్లు పట్టుకెళ్తున్నారు.

తుఫాను నెలలు

అక్టోబర్ అంటే ఇక్కడ అందరికీ టెన్షనే. దసరాకు ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరగండి. ఎండుకొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీసెయ్యండి. గుబురు మరీ చిక్కగా ఉంటే లోపల నాలుగు సన్నకొమ్మలు పలచన చెయ్యండి, గాలి దూరిపోతుంది. తల కొట్టెయ్యడం మాత్రం వద్దు. తర్వాత వచ్చే కొమ్మలు గుత్తిలా లేచి, పట్టులేక మరుసటి గాలికే విరుగుతాయి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా చాలా నష్టపోయింది. మా వైపు కూడా గాలి, వాన. మూడేళ్ల మా పొగడ పక్కకు వాలిపోయింది. అలాంటప్పుడు రెండు మూడు రోజుల్లో, నేల ఇంకా మెత్తగా ఉండగానే నిలబెట్టాలి. పైకి లేచిన వేళ్ల కింద మట్టి కాస్త తవ్వి చోటు చేసుకుని, ఇద్దరు మెల్లగా నెట్టాలి, తాడు కట్టి జీపుతో లాగకండి. వేళ్ల మీద తడి మట్టి వేసి కాలితో తొక్కి, మూడు వైపులా కర్రలు కట్టండి. ఒక ఏడు ఉంచండి.

సముద్రపు నీటి తుంపర పడి ఆకులు కాలినట్టు మాడిపోతే మంచినీళ్లతో ఆకును, పాదును కడగండి. ఆకంతా రాలినా చచ్చిందని కొట్టెయ్యకండి. చిన్న కొమ్మ మీద గోటితో గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. రెండు నెలలు చూడండి.

పూలు

అందమైన ఆడది మద్యం పుక్కిలించి ఊస్తే వకుళం, అంటే మన పొగడ, పూస్తుందని కావ్యాల్లో కవులు రాసుకున్నారు. మాకు గెత్తంతోనే ఎనిమిదేళ్లకు పూసింది. గింజ మొక్క అయితే అంత సమయం పట్టడం మామూలే. అంటు మొక్కలు ముందే పూస్తాయి.

పువ్వు గోరంత ఉంటుంది, లేత మీగడ రంగు, చక్రంలా. ఆకుల్లో కనిపించదు, వాసన చెప్తుంది. తెల్లవారుజామున రాలుతుంది కాబట్టి రాత్రే చెట్టు కింద ఊడ్చి, పాత పంచె పరచండి. ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి, తొక్కితే గోధుమరంగుకు తిరుగుతాయి.

రాలిన పువ్వుకు నడిమధ్య రంధ్రం ఉంటుంది. రేకుల చక్రం కిందికి జారేటప్పుడు నడుమనున్న కీలం చెట్టు మీదే ఉండిపోతుంది మరి. అందుకే సూది అక్కర్లేదు. అరటి నార తడిపి, కొసను వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, పువ్వుల్ని ఒకదాని వెనక ఒకటి గుచ్చుకుంటూ పోవడమే. మా వీధి పిల్లలు స్కూలు బస్సు వచ్చేలోపు మూరెడు కట్టేస్తారు. మిగిలిన పూలను నీడలో రెండు రోజులు ఆరబెట్టి, పలచటి గుడ్డలో మూటకట్టి పట్టుచీరల మడతల్లో పెట్టండి. గుడ్డ లేకుండా నేరుగా పెడితే చీర మీద మరక పడుతుంది.